ఇత్తడి టోకెన్ నుండి కుకీ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు, కాటన్ దొరగారి ఆనకట్ట గురించో, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి వారి ఆలయం గురించో రాద్దామని కూర్చున్నాను. ఆ రెండింటి గురించీ నాకంటే బాగా తెలిసిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత మన కళ్ళ ముందే, గత ముప్ఫై ఏళ్ళలో జరిగిన వేరొక చరిత్రను ఎత్తుకుంటున్నాను.

కంప్యూటరులో ఒక పేజీ నుండి మరొక పేజీకి వెళ్ళినప్పుడు మనమెవరమో అది ఎలా గుర్తుంచుకుంటుంది? రక్షణ లేని పేజీ నుండి రక్షణ ఉన్న పేజీకి మారేటప్పుడు ఆ గుర్తు ఎందుకు తప్పిపోయేది? తప్పిపోకుండా చేయబోయి ఎలాంటి పొరపాట్లు చేశారు? ఇదీ విషయం. "ఈ వయసులో మనకెందుకీ గొడవ" అనుకోవద్దని మనవి. పెన్షను, లైఫ్ సర్టిఫికెట్, కరెంటు బిల్లు, రైలు టికెట్టు అన్నీ ఈ రోజు ఆ దారినే నడుస్తున్నాయి.

నేను 1973లో గుమస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. అయితే ఇందులోని అసలు చిక్కు, నేను కంప్యూటరు మొహం చూడకముందే ఒక సబ్ ట్రెజరీలో నాకు ఎదురైంది. ముందు అది చెబుతాను.

రెండు కిటికీలు

ఆ రోజుల్లో పెన్షను పంపిణీ ఎలా జరిగేదో మన వారికి చెప్పనక్కరలేదు. ఈ సంచిక చదివే పిల్లల కోసం రాస్తున్నాను. నెల మొదట్లో పెన్షనరు తన పి.పి.ఓ. పట్టుకుని వచ్చేవారు. హాలులో నా కిటికీ. వారి చేతిలోని ప్రతిని ఆఫీసు ప్రతితో పోల్చి, పుట్టుమచ్చలు సరిచూసి, బిల్లు మీద సంతకమో వేలిముద్రో తీసుకుని, నంబరు చెక్కిన ఇత్తడి టోకెన్ చేతికి ఇచ్చేవాణ్ణి. బిల్లు లోపలికి వెళ్ళి, అధికారి గారి సంతకమై, షరాబు గారి దగ్గరకు చేరేది. ఆయన కూర్చునేది కటకటాల గదిలో. అక్కడి నుండి నంబరు పిలిచేవారు. ఆ నంబరు టోకెన్ ఎవరు ఇస్తే వారికి డబ్బు ముట్టేది.

అంటే మొదటి కిటికీ నలుగురూ తిరిగే హాలులోది. రెండోది కాపలా ఉన్నది. ఆ రెండింటినీ కలిపేది ఒక్క ఇత్తడి బిళ్ల.

1979లో ఒక నెల మొదట్లో ఒక మామ్మగారు కుటుంబ పెన్షను కోసం వచ్చారు. టోకెన్ తీసుకుని, బల్ల మీద చేతిసంచి పక్కన పెట్టి, మంచినీళ్ళ కుండ దగ్గరకు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి టోకెన్ లేదు. ఎవరికి చెప్పాలో ఆవిడకు తెలియలేదు. పేరు పెట్టి పిలుస్తారేమోనని సాయంత్రం దాకా బల్ల మీదే కూర్చున్నారు. ఆఫీసు మూసే వేళకు నా దగ్గరకు వచ్చి, "నాయనా, నన్ను ఇంకా పిలవలేదు" అన్నారు. రిజిస్టరు తిరగేస్తే మధ్యాహ్నమే 118 రూపాయలు చెల్లించినట్టు ఉంది. వేలిముద్ర నా కిటికీ దగ్గరే వేయించుకున్నాము కనుక, షరాబు గారికి మళ్ళీ అడిగే పని లేకపోయింది. ఎవరో బిళ్ల ఇచ్చారు, సొమ్ము తీసుకుపోయారు.

ఆఫీసులో అందరం తలా కొంత వేసుకుని ఆ సొమ్ము ఆవిడ చేతిలో పెట్టాము. ఆవిడ మాకు దండం పెట్టి వెళ్ళారు. ఆ దండం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆవిడకు ముట్టినది మా దయ కాదు, ఆవిడ హక్కు. టోకెన్ పోతే వెంటనే వచ్చి చెప్పాలన్న ఒక్క మాట నేను ముందు చెప్పి ఉంటే సరిపోయేది.

మరుసటి నెల నుండి మా అధికారి గారు పద్ధతి మార్చారు. నంబరు పిలిచిన తరువాత కటకటాల దగ్గర పేరు అడిగి, పి.పి.ఓ. మళ్ళీ చూసి, వేలిముద్ర అక్కడే వేయించాలి. టోకెన్ వరుస కోసం మాత్రమే. టోకెన్ వరుసను గుర్తుచేయవచ్చు గానీ, డబ్బుకు హక్కు ఇవ్వరాదు. పాఠకులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఇక ముందు చెప్పబోయేదంతా దీని వివరణే.

మతిమరుపు గుమస్తా

1989లో జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్ లీ గారు, వేరువేరు కంప్యూటర్లలోని కాగితాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. అదే నేటి వెబ్. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దానిని ఏ రుసుమూ లేకుండా లోకానికి వదిలిపెట్టింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించారు.

వెబ్‌లో కాగితం అడిగే, ఇచ్చే పద్ధతికి హెచ్.టి.టి.పి. అని పేరు. దీనికి ఒక లక్షణం ఉంది. అది ఒట్టి మతిమరుపు గుమస్తా. కాగితం అడిగితే ఇస్తుంది, ఇచ్చిన క్షణమే మిమ్మల్ని మరిచిపోతుంది. రెండో కాగితం అడిగితే మీరు కొత్త మనిషే. శాస్త్రవేత్తలు వ్యాసాలు చదువుకోవడానికి అది చాలు. అంగడి పెట్టాలంటే చాలదు. మొదటి పేజీలో బుట్టలో వేసిన సరుకు రెండో పేజీలో గుర్తుండాలి కదా.

దీనికి 1994లో అమెరికాలో నెట్‌స్కేప్ అనే కంపెనీలో లూ మాంటుల్లి అనే యువకుడు ఉపాయం కనిపెట్టారు. ఎం.సి.ఐ. అనే టెలిఫోన్ సంస్థ వెబ్‌లో అమ్మకాలు పెట్టాలనుకుంది గానీ, కొనేవారి సగం సగం లావాదేవీలను తమ కంప్యూటర్లలో దాచి ఉంచడం వారికి ఇష్టం లేదు. అప్పుడు మాంటుల్లి గారు, కొనేవారి కంప్యూటరులోనే ఒక చిన్న చీటీ దాచి, ప్రతిసారీ దానిని చూపించే ఏర్పాటు చేశారు. దానికి కుకీ అని పేరు పెట్టారు. తరువాత తరువాత చీటీలో పెద్ద అంకె ఒకటి మాత్రం ఉంచి, వివరాలన్నీ దుకాణం వారి రిజిస్టరులో రాసుకునే పద్ధతి స్థిరపడింది. ఆ అంకె చూపించినంత సేపూ మీరు ఒకే మనిషి. దీనినే సెషన్ అంటారు.

మా ఇత్తడి టోకెన్‌కూ దీనికీ తేడా ఏమిటో చెప్పండి!

తాళం ఖరీదు

అదే కంపెనీ వారు దారిలో ఎవరూ చదవకుండా మాటలను రహస్య లిపిలోకి మార్చి పంపే పద్ధతి కూడా తయారు చేశారు. ఎస్.ఎస్.ఎల్. అని దాని పేరు. ఈజిప్టులో పుట్టిన తాహెర్ ఎల్‌గమాల్ గారిని దీనికి పితామహుడుగా చెబుతారు. మొదటి కూర్పు బయటకు రాలేదు. రెండోది 1995లో, మూడోది 1996లో వచ్చాయి. 1999లో దీనికి టి.ఎల్.ఎస్. అని పేరు మారింది. ఈ పద్ధతిలో నడిచే పేజీ చిరునామాలో హెచ్.టి.టి.పి. చివర ఒక "ఎస్" అక్షరం చేరుతుంది. నా భాషలో చెప్పాలంటే ఎస్ లేనిది హాలు కిటికీ, ఎస్ ఉన్నది కటకటాల కిటికీ.

అన్ని పేజీలకూ తాళం వేయవచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఖర్చే అడ్డం. రహస్య లిపిలోకి మార్చే లెక్కలు అప్పటి కంప్యూటర్లకు భారం. ఫలానా సైటు ఫలానా వారిదేనని ధ్రువపరిచే సర్టిఫికెట్టును డబ్బిచ్చి కొనాలి, గడువు తీరితే మళ్ళీ కొనాలి. అందుచేత దాదాపు అందరూ ఒక మధ్యేమార్గం పట్టారు. సరుకు చూసే పేజీలన్నీ హాలులో, పాస్‌వర్డు, కార్డు నంబరు రాసే పేజీలు మాత్రం కటకటాల లోపల.

చిక్కంతా అక్కడే వచ్చింది. కుకీకి ఒక నియమం ఉంది. ఏ పేరు గల సైటు ఇచ్చిందో ఆ పేరు గల సైటుకే తిరిగి చూపబడుతుంది. తాళమున్న పేజీకి వేరే పేరు ఉంటే చీటీ అక్కడికి వెళ్ళదు, బుట్ట ఖాళీ. పేరు ఒకటే అయితే చీటీ వెళుతుంది గానీ, తాళం లేని పేజీ తెరిచినప్పుడు కూడా అదే చీటీ బాహాటంగా దారిన పోతుంది. దానికి విరుగుడుగా చీటీ మీద "రక్షణ ఉన్న చోటే చూపవలెను" అని గుర్తు వేసే సదుపాయం నెట్‌స్కేప్ వారు మొదటే పెట్టారు. కానీ ఆ గుర్తు వేస్తే, లోపల పని ముగించుకుని హాలులోకి వచ్చినవారిని హాలు గుమస్తా గుర్తుపట్టడు. గుర్తుంచుకుంటే దొంగ భయం, భద్రం చేస్తే మతిమరుపు.

పూతరేకుల బుట్ట

మన ఆత్రేయపురం పూతరేకుల సంగతి నేను చెప్పాలా! బోర్లించిన కుండ మీద బియ్యపు పిండి నీళ్ళతో కాగితం కంటే పల్చని రేకు తీయడం మన ఆడవారి చేతి విద్య. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలా ముందే, 2011లో, నా మేనల్లుడు పూతరేకులు ఇంటర్నెట్‌లో అమ్ముదామని ఒక సైటు పెట్టాడు. ఒక రోజు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మావయ్యా, అమెరికా నుండి ఫోను. వాళ్ళు వంద రేకులు బుట్టలో వేశారట. డబ్బు కట్టే పేజీకి వెళ్ళగానే బుట్ట ఖాళీ అయిపోయిందట."

ఇద్దరం కూర్చుని చూశాము. వాడి సైటుకు సొంత తాళం లేదు. సైటుకు చోటు అద్దెకిచ్చిన కంపెనీ వారు తమ పేరున ఉన్న ఉమ్మడి తాళం వాడుకోనిచ్చారు. అంటే సరుకు చూసే పేజీ పేరు ఒకటి, డబ్బు కట్టే పేజీ పేరు మరొకటి.

"ఒరేయ్, మన హాలులో ఇచ్చిన టోకెన్ పక్క ఆఫీసు కిటికీలో ఎలా చెల్లుతుందిరా?" అన్నాను. వాడికి వెంటనే అర్థమైంది.

సైటు రాసిచ్చిన కుర్రవాడు అప్పట్లో చాలామంది చేసిన పనే చేశాడు. సెషన్ అంకెను కుకీలో కాకుండా పేజీ చిరునామాకే తోకలా తగిలించాడు. ఒక పేరు నుండి మరొక పేరుకు వెళ్ళినా తోక వెంట వస్తుంది. బుట్ట నిలిచింది. ఆర్డర్లు వచ్చాయి. సంక్రాంతికి ఇంకా నెల ఉందనగా మావాడి ఆనందానికి అంతు లేదు.

ఇంతలో ఒక పెద్దమనిషి తన బుట్టలోని సరుకు చూడమని, ఆ పేజీ చిరునామాను తోకతో సహా బంధువులకు పంపారు. వారు దానిని నొక్కితే ఆయన పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు అన్నీ కనిపించాయి. కంప్యూటరు దృష్టిలో వారే ఆయన! టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వారిదే సొమ్ము. నాకు 1979 నాటి మామ్మగారు బల్ల మీద కూర్చున్నట్టే కనిపించారు.

"వెంటనే సైటు మూసెయ్యి" అన్నాను.

"పండగ ఆర్డర్లు పోతాయి మావయ్యా. రేకులు తీసే ఆడవాళ్ళకు అడ్వాన్సులు ఇచ్చేశాను. నష్టం ఎవరు భరిస్తారు?" అన్నాడు.

వాడు చెప్పినదీ నిజమే. ఆ మాట మీద రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు వాడే మూశాడు. ఆ పండగకు ఫోను మీద వచ్చిన ఆర్డర్లే దిక్కయ్యాయి. అడ్వాన్సులు తిరిగి అడగలేదు, ఉన్న సరుకు ఊళ్ళోనే తగ్గించి అమ్ముకున్నాడు. సంక్రాంతి తరువాత సొంత సర్టిఫికెట్టు కొని, రెండు రకాల పేజీలనూ ఒకే పేరు కిందకు తెచ్చి, మళ్ళీ తెరిచాడు.

ఈసారి ఏర్పాటు ఇలా ఉంది. హాలులో ఇచ్చిన మామూలు చీటీ బుట్టలో ఏముందో మాత్రమే చెబుతుంది. ఎవరైనా కాజేసినా వారికి తెలిసేది ఫలానా బుట్టలో వంద రేకులున్నాయని మాత్రమే. డబ్బు కట్టే గడప దాటగానే కొత్త అంకెతో, "రక్షణ ఉన్న చోటే" అనే గుర్తుతో, రెండో చీటీ ఇస్తారు. పేరూ చిరునామా దానికే అంటిపెట్టుకుని ఉంటాయి. మొదటి చీటీతో లోపలికి వెళ్ళడానికి వీల్లేదు.

మన లొల్ల లాకుల దగ్గర పడవలు దాటే విధానం చూసినవారికి ఇది తేలిగ్గా తెలుస్తుంది. నా చిన్నతనంలో వడ్ల పడవ లాకు లోపలికి వచ్చాక వెనుక తలుపు మూసేవారు. నీటి మట్టం సమం అయ్యాక ముందు తలుపు తీసేవారు. సరుకు దించనక్కరలేదు, పడవ మారనక్కరలేదు. కానీ రెండు తలుపులూ ఒకేసారి తీయరు. సరుకు అలాగే ఉండాలి, తలుపు మాత్రం వెనుక మూసుకోవాలి.

ఇంతకు ముందే, 2009 ఆగస్టు 1 నుండి, ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లించేవారు కార్డు మీద ఉన్న వివరాలతో పాటు వేరొక రహస్య సంకేతం కూడా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. కటకటాల దగ్గర రెండోసారి వేలిముద్ర వేయించడం వంటిదే ఇది. మన దేశంలో చాలామంది అప్పట్లో దీనిని విసుక్కున్నారు. నేను మాత్రం విసుక్కోలేదు.

హాలంతా కటకటాల లోపలికి

మావాడిది చిన్న అంగడి. ప్రపంచంలోని పెద్ద పెద్ద సైట్లు కూడా అదే పొరపాటులో ఉన్నాయని 2010 అక్టోబరులో బయటపడింది. ఎరిక్ బట్లర్ అనే అమెరికా ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే చిన్న సాధనాన్ని బహిరంగంగా విడుదల చేశారు. తాళం లేని వైఫై ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని దానిని తెరిస్తే, చుట్టుపక్కల వారి కుకీలు పట్టుబడేవి. ఒక్క నొక్కుతో వారి ఖాతాలోకి వెళ్ళిపోవచ్చు. పాస్‌వర్డు అక్కరలేదు. చాలా సైట్లు పాస్‌వర్డు అడిగే పేజీకి మాత్రం తాళం వేసి, ఆ తరువాత ఇచ్చే చీటీని హాలులో వదిలేసేవి. దొంగతనం నేర్పడానికి కాక, ఈ నిర్లక్ష్యాన్ని అందరి కళ్ళకూ కట్టడానికే ఆ పని చేశానని ఆయన చెప్పుకున్నారు.

ఆ దెబ్బతో కదలిక వచ్చింది. జీమెయిల్ 2010 జనవరిలోనే అన్ని పేజీలకూ తాళం వేసింది. ఫేస్‌బుక్ 2011లో కోరినవారికి ఆ సదుపాయం ఇచ్చి, 2013 నాటికి అందరికీ వర్తింపజేసింది. "ఈ సైటుకు తాళమున్న దారినే వెళ్ళవలెను" అని బ్రౌజరుకు ఆజ్ఞ ఇచ్చే పద్ధతి 2012 నవంబరులో ప్రమాణంగా వెలువడింది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్లను ఎవరికైనా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. దానితో ఖర్చు అనే సాకు పోయింది. 2018 జూలై నుండి గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు, తాళం లేని ప్రతి పేజీ మీదా "సురక్షితం కాదు" అని రాయసాగింది. 2021లో అదే బ్రౌజరు, ఒకే పేరున్నా సరే, తాళమున్న పేజీనీ లేని పేజీనీ రెండు వేరు సైట్లుగా లెక్కించడం మొదలుపెట్టింది.

రెండు కిటికీల మధ్య చీటీని భద్రంగా ఎలా తీసుకువెళ్ళాలన్న ప్రశ్నకు, పదిహేనేళ్ళకు పైగా కుస్తీ పట్టాక, లోకం ఇచ్చిన జవాబు చాలా సులువైనది. హాలు కిటికీ ఎత్తివేయండి. హాలునంతా కటకటాల లోపలికి తీసుకురండి. అప్పుడు దాటవలసిన గడపే ఉండదు. అయినా ఒక నియమం మాత్రం అలాగే మిగిలింది. పాస్‌వర్డు ఇచ్చిన క్షణంలో పాత అంకె రద్దు చేసి కొత్త అంకె ఇవ్వాలి. మా అధికారి గారు 1979లో పెట్టిన పద్ధతి ఇది.

మనకు పనికివచ్చే నాలుగు మాటలు

ఒకటి. చిరునామాలో "ఎస్" అక్షరం ఉంటే దారి భద్రమని మాత్రమే అర్థం. అంగడివాడు మంచివాడని కాదు. ఉచితంగా దొరికే తాళాన్ని మోసగాడు కూడా తగిలించుకోగలడు. ఈ అపోహ పోవాలనే క్రోమ్ వారు 2023లో తాళం బొమ్మను తీసివేశారు.

రెండు. నెట్ సెంటరులో పని అయ్యాక కిటికీ మూస్తే చాలదు. "లాగ్ అవుట్" నొక్కాలి. అది టోకెన్‌ను తిరిగి అప్పగించడం. కాసేపు కదలకుండా కూర్చుంటే బ్యాంకు సైటు మిమ్మల్ని బయటకు పంపితే కోపగించుకోవద్దు. బల్ల మీద మరిచిపోయిన టోకెన్‌ను వాళ్ళే రద్దు చేశారన్నమాట.

మూడు. లాగిన్ అయిన పేజీ చిరునామాను ఎవరికీ పంపవద్దు. ఓ.టి.పి. కన్న కొడుకు ఫోనులో అడిగినా, అడిగినది కొడుకేనా అని ముందు తేల్చుకోండి.

నాలుగు. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోవద్దు.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఇప్పుడు నేను ఇంట్లోనే వేలిముద్ర వేసి బతికి ఉన్నానని రుజువు చేసుకుంటున్నాను. వేలు పెట్టిన ప్రతిసారీ ఆ మామ్మగారి వేలు, నా బల్ల మీది సిరా దిండు గుర్తుకు వస్తాయి. ఆవిడ వేలిముద్రను సరైన కిటికీ దగ్గర తీసుకుని ఉంటే ఆవిడ ఆ రోజు మాకు దండం పెట్టవలసిన అవసరం ఉండేది కాదు.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు. సెలవు.